టోరెన్స్ నుంచి డాలస్ దాకా ఆర్44లో: లాంగ్ క్రాస్ కంట్రీకి సలహాలు కావాలి

శ్రీధర్_ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర ఊరు, ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేట్ హెలికాప్టర్ లైసెన్స్ తెచ్చుకున్నాను. ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక పాత రాబిన్సన్ ఆర్44 రేవన్ 2 హెలికాప్టర్ కొన్నాం. దానికి 2,200 గంటలు నిండి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయించే) టైమ్ వచ్చింది. ఇప్పుడది కాలిఫోర్నియాలో, టోరెన్స్ ఫ్యాక్టరీలో ఉంది. అక్టోబర్ ఆఖరుకి ఇస్తామన్నారు. ట్రక్కు మీద తెప్పించుకోవచ్చు గానీ, ఎగురుకుంటూ తెచ్చుకోవాలని నాకు చాలా కోరిక.

ఇప్పటిదాకా నేను చేసినవన్నీ డాలస్ చుట్టుపక్కల చిన్న ట్రిప్పులే. ఎడారి, కొండలు నాకు కొత్త. మ్యాప్‌లో చూస్తే దాదాపు 1,100 నాటికల్ మైళ్ళు కనిపిస్తోంది. శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలని ప్లాన్, సోమవారం ఉదయం ఆఫీసులో ఉండాలి. మా ఆవిడ కూడా వస్తానంటోంది. ఏ రూట్ మంచిది? పెట్రోలు ఎక్కడెక్కడ పోయించుకోవాలి? ఎంత ఎత్తులో ఎగరాలి? ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

అనంత_టూసాన్:

శ్రీధర్ గారూ, మంచి పని పెట్టుకున్నారు, చాలా సంతోషం. నేను టూసాన్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని. టోరెన్స్ నుంచి తూర్పుకి హెలికాప్టర్లు తెచ్చే పని తరచూ తగులుతుంది కాబట్టి ఈ దారి బాగా అలవాటే.

రూట్ సంగతి తర్వాత. మీ మెసేజ్‌లో నన్ను భయపెట్టింది ఒక్క ముక్కే, సోమవారం ఉదయం ఆఫీసు. ముందు దాన్ని తీసేయండి. మంగళ, బుధ కూడా సెలవు పెట్టేయండి. టికెట్ రేటు ఎక్కువైనా సరే, దారిలో ఎక్కడైనా మెషీన్‌ని కట్టేసి ఎయిర్‌లైన్స్‌లో ఇంటికి వచ్చేయొచ్చని ముందే ఇద్దరూ అనుకుని బయల్దేరండి. వాతావరణం బాగాలేకపోతే హెలికాప్టర్‌ని ఎక్కడైనా దించేయొచ్చు, విమానానికి ఆ సౌకర్యం లేదు. కానీ వాచీ చూసుకుంటూ ఎగిరేవాడికి దిగాలన్న ఆలోచనే రాదు. నేను చెప్పే మిగతావన్నీ దీని తర్వాతే.

గాల్లో ఉండే టైమ్ పది, పదకొండు గంటలు. రెండు రోజుల్లో అవుతుందా అంటే లెక్క ప్రకారం అవుతుంది. అక్టోబర్‌లో పడమటి గాలి మీకు వెనక నుంచే ఉంటుంది, అది కలిసొస్తుంది. కానీ తూర్పుకి వెళ్తున్నారు, గడియారం మీ చేతిలోంచి జారిపోతుంది. కాలిఫోర్నియా, అరిజోనా అప్పుడు ఒకే టైమ్‌లో ఉంటాయి. న్యూ మెక్సికోలోకి వెళ్ళగానే ఒక గంట పోతుంది, ఎల్ పాసో దాటి వాన్ హార్న్ వచ్చేసరికి ఇంకో గంట. సూర్యాస్తమయాన్ని లోకల్ టైమ్‌లో లెక్క వేసుకోకపోతే చీకట్లో ఇరుక్కుంటారు. సింగిల్ ఇంజన్‌తో ఆ ఎడారి మీద రాత్రి ఎగరొద్దు. కింద ఒక్క దీపం ఉండదు, దిగడానికి చోటు ఎలా చూసుకుంటారు?

దారి మాత్రం చాలా సులువు: ఐ-10 హైవే, వాన్ హార్న్ దాటాక ఐ-20 పట్టుకోండి. జీపీఎస్‌లో సూటిగా గీత గీస్తే నలభై, యాభై మైళ్ళు కలిసి రావచ్చు, ఆశపడొద్దు. హైవే కింద ఉంటే దిగడానికి చోటు ఉంటుంది, ఫోన్ సిగ్నల్ ఉంటుంది, సాయం చేసే మనుషులుంటారు. పైగా ఈ ప్రాంతంలో కొండల మధ్య తక్కువ ఎత్తులో ఉన్న దారి కూడా అదే.

అన్నిటికంటే కష్టమైన చోటు మొదట్లోనే వస్తుంది. లాస్ ఏంజెలిస్ నుంచి బయటికొచ్చే బానింగ్ పాస్. ఒక పక్క శాన్ గొర్గోనియో 11,500 అడుగులు, ఇంకో పక్క శాన్ హసింటో 10,800. ఈ రెండిటి మధ్య ఇరుకులోంచి గాలి తోసుకుంటూ వస్తుంది. అక్కడ వందల కొద్దీ గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. పొద్దున్నే గాలి తక్కువ ఉన్నప్పుడు దాటడం మంచిది. అయితే టోరెన్స్ సముద్రం ఒడ్డున ఉంది, పొద్దున్నే అక్కడ మబ్బు నేలకి ఆనుకుని కూర్చుంటుంది, ఒక్కోసారి పది, పదకొండు దాకా కదలదు. అది తొలగేదాకా ఆగి బయల్దేరితే పాస్ దగ్గరికి మధ్యాహ్నం గాలిలో చేరతారు. అందుకని నేను చేసే పని ఏమిటంటే, ముందురోజు మధ్యాహ్నమే మెషీన్ తీసుకుని, పాస్‌కి ముందున్న రెడ్‌ల్యాండ్స్ దాకా వచ్చి అక్కడ పడుకుంటాను. తెల్లవారగానే పాస్ దాటేస్తాను. ఇంకోటి, అక్టోబర్ అంటే శాంటా అనా గాలుల సీజన్. అవి తూర్పు నుంచి ఎదురుగా కొడతాయి. ఫోర్‌కాస్ట్‌లో ఆ మాట కనబడితే రెడ్‌ల్యాండ్స్‌లో ఇంకో రోజు ఉండిపోండి.

గాలి దెబ్బలు ఆర్44కి ఎందుకు అంత ప్రమాదమో మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, అయినా మళ్ళీ చెప్తాను. రెండు రెక్కల రోటర్. కుదుపులో బరువు తేలిపోయి లో-జి వస్తే మెషీన్ తనంతట తానే కుడివైపు ఒరుగుతుంది. చెయ్యి ఎడమకి లాగబోతుంది, అదే ప్రాణం తీస్తుంది: రెక్కల్ని కలిపే హబ్, రోటర్‌ని మోసే మాస్ట్ కడ్డీని కొట్టి తెంపేస్తుంది. ముందు సైక్లిక్ (కుడి చేతిలోని కంట్రోల్ కర్ర) మెల్లగా వెనక్కి, రోటర్ మీద మళ్ళీ బరువు పడాలి, ఆ తర్వాతే ఒరుగుడు సరిచేయాలి. ఇంకా మంచిది, అక్కడిదాకా రానివ్వకపోవడం. కుదుపులు మొదలవగానే స్పీడ్ 60-70 నాట్లకి దించేయండి. ఆలస్యమైతే అవనివ్వండి.

ఇక పెట్రోలు. మెయిన్ ట్యాంక్, ఆక్స్ (రెండో ట్యాంక్) కలిపి 46 గ్యాలన్ల పైచిలుకు, గంటకి 15, 16 తాగుతుంది. అంటే మూడు గంటలు. పగలు వీఎఫ్‌ఆర్‌లో (బయటికి కంటితో చూస్తూ ఎగిరేటప్పుడు) హెలికాప్టర్‌కి 20 నిమిషాల రిజర్వ్ చాలని రూల్. ఎడారిలో ఆ రూల్ నమ్ముకోవద్దు. నేను రెండు గంటలకి మించి లెగ్ (ఒక స్టాప్ నుంచి ఇంకో స్టాప్ దాకా ప్రయాణం) వేయను, గంట పెట్రోలు ట్యాంకులో ఉండగానే దిగుతాను. లో ఫ్యూయల్ లైట్ వెలిగేసరికి మిగిలేది మూడు గ్యాలన్లు, పది నిమిషాలు. ఆ లైట్ వెలగడం మీరు చూడకూడదు.

స్టాపులు ఇలా వేసుకోవచ్చు: రెడ్‌ల్యాండ్స్ నుంచి బ్లైత్, అక్కణ్ణుంచి కాసా గ్రాండే, తర్వాత లార్డ్స్‌బర్గ్, ఎల్ పాసో పక్కనున్న శాంటా టెరెసా. మొదటి రోజుకి అది చాలు. రెండో రోజు వాన్ హార్న్ లేదా పెకోస్, మిడ్‌ల్యాండ్, అబిలీన్, ఇల్లు. సూటిగా కొలిస్తే ఏ లెగ్ కూడా 170 నాటికల్ మైళ్ళు దాటదు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో సెల్ఫ్ సర్వ్ పంపులే ఉంటాయి, కార్డ్ రీడర్ పాడై ఉండటం మామూలే. ముందురోజు సాయంత్రం ప్రతి చోటుకీ ఫోన్ చేసి, ఇవాళ ఎవరైనా కొట్టించుకున్నారా అని అడగండి. 'పంపు ఉందా' అని అడిగితే అందరూ ఉందనే అంటారు.

పంపు దగ్గర దిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మెయిన్ ట్యాంక్ మూత ఎడమ వైపు, ఆక్స్ కుడి వైపు. విమానాల కోసం పెట్టిన హోస్ ఒక వైపుకే అందితే మళ్ళీ స్టార్ట్ చేసి తిప్పుకోవాలి. అందుకని ముక్కు గానీ ఒక పక్క గానీ పంపుకి మరీ దూరం కాకుండా, తోక మనుషులు నడిచే వైపు లేకుండా చూసి దించండి. రోటర్ పూర్తిగా ఆగాకే మీ ఆవిడ దిగాలి. ఎర్త్ క్లిప్ (స్టాటిక్ కరెంటు నేలకి పోయే తీగ) ముందు, మూత తర్వాత. నింపాక డ్రెయిన్ చేసి శాంపిల్ చూడండి, ఎడారి దుమ్ము ట్యాంకులోకి ఎంత తేలిగ్గా వెళ్తుందో అప్పుడు తెలుస్తుంది. మూత బిగించాక చేత్తో తడిమి చూసుకోండి, కంటితో చూసి ఊరుకోవద్దు.

ఎత్తు సంగతి. మన వాళ్ళలో చాలామంది 500 అడుగుల్లో తిరగడానికి అలవాటు పడతారు. లాంగ్ ట్రిప్‌లో నేల మీద 1,000 నుంచి 1,500 అడుగులు ఉంచండి. ఇంజన్ ఆగితే 1,300 అడుగుల ఎత్తుకి సుమారు ఒక నాటికల్ మైలు జారగలరు, అదీ సరైన స్పీడ్‌లో ఉంటే. 500 అడుగుల్లో ఉంటే కింద ఏముందో అందులోనే దిగాలి. పైగా తీగలు. టెక్సాస్‌లో ఆయిల్ బావుల చుట్టూ, స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరల చుట్టూ కరెంటు లైన్లు అల్లుకుని ఉంటాయి. తీగ కనబడదు, స్తంభం కనబడుతుంది. ఎప్పుడైనా లైన్ దాటాల్సి వస్తే స్తంభం మీదుగానే దాటండి. గాలి కొలిచే సన్న టవర్లు కొన్ని 200 అడుగుల లోపే ఉంటాయి, వాటికి లైటూ ఉండదు, చార్ట్‌లోనూ ఉండకపోవచ్చు.

చార్ట్‌లో లార్డ్స్‌బర్గ్ తర్వాత వచ్చే డెమింగ్ దగ్గర చిన్న రెస్ట్రిక్టెడ్ ఏరియా కనిపిస్తుంది, ఆర్-5115. అందులో రాడార్ బెలూన్ కేబుల్‌తో కట్టి ఉంటుంది. వేల అడుగుల కేబుల్, కళ్ళకి ఆనదు. ఆ వలయం అంచు కూడా ముట్టుకోవద్దు. ఎల్ పాసో ఉత్తరాన వైట్ శాండ్స్ అంతా మిలిటరీదే, హైవే దగ్గర ఉంటే దాని జోలికి వెళ్ళే పనే లేదు.

డెమింగ్ 4,300 అడుగుల ఎత్తులో ఉంది. అక్టోబర్ మధ్యాహ్నం 25 డిగ్రీలే ఉన్నా డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి మెషీన్‌కి తెలిసే ఎత్తు) 6,000 అడుగులు దాటుతుంది. డాలస్‌లో అలవాటైన హోవర్ (గాల్లో ఒకేచోట నిలబడటం) అక్కడ దొరకదు. ప్రతి స్టాప్‌కీ హోవర్ చార్ట్ తీసి చూడండి, రన్‌వే ఉంటే రన్‌వే వాడుకోండి, హెలికాప్టర్ కదా అని నిట్టనిలువుగా దిగబోవద్దు.

సామాను గురించి ఒక్క మాట. సీట్ల కింద అరలున్నాయి కదా అని టూల్ బాక్స్, ఆయిల్ డబ్బాలు కుక్కొద్దు. గట్టిగా నేలని తాకితే ఆ సీటే నలిగి మీ వెన్నుని కాపాడాలి. మెత్తటి బట్టలు మనుషుల కింద, గట్టి వస్తువులు ఖాళీ సీట్ల కింద.

సురేఖ_హైదరాబాద్:

అనంత గారు చెప్పినవి అక్షరాలా నిజం. నేను ఇక్కడ చార్టర్ హెలికాప్టర్లు నడుపుతాను. మాది టర్బైన్, మీది పిస్టన్, దేశాలూ వేరు, కానీ 'సోమవారం ఆఫీసు' మాత్రం మాకూ ఉంటుంది. ఎన్నికలప్పుడు చూడాలి. ఏ కాలేజీ గ్రౌండ్‌లోనో సున్నంతో హెచ్ గీసి, దుమ్ము లేవకుండా నీళ్ళు కొట్టి, వేలమంది తలలెత్తి చూస్తూ ఉంటారు. మబ్బు ముందు నిలబడి ఉంటే వెనక సీటు నుంచి "కెప్టెన్ గారూ, జనం వెయిటింగ్" అని వినబడుతుంది. నోరు తెరిచి వెనక్కి వెళ్తున్నామని చెప్పడమే ఈ వృత్తిలో కష్టమైన పని.

మన తెలుగువాళ్ళకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు భీమవరం నుంచి వస్తూ కైకలూరు దగ్గర బెల్ 206 ప్రమాదంలో పోయారు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన బెల్ 430 నల్లమలలో కూలింది, ఆ రోజు దారిలో వాతావరణం బాగాలేదు. అది రెండు ఇంజన్ల హెలికాప్టర్, ముందు ఇద్దరు పైలట్లున్నారు. నల్లమల మీదుగా వెళ్ళిన ప్రతిసారీ నాకు ఆ రోజు గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా.

శ్రీధర్ గారూ, మీకు ఒక కొలమానం చెప్తాను. వాతావరణం పాడవడం ఒక్కసారిగా తెలియదు. మీకు తెలియకుండానే కాస్త కిందికి వస్తారు, కాస్త స్పీడ్ తగ్గిస్తారు, ఇంకో రెండు మైళ్ళు చూద్దాం అనుకుంటారు. కాబట్టి నేల మీద ఉండగానే అంకె రాసుకోండి: మబ్బు వల్లో, కనబడకపోవడం వల్లో మామూలు స్పీడ్ మీద 30 నాట్లు తగ్గించాల్సి వచ్చినా, 500 అడుగుల కిందికి రావాల్సి వచ్చినా అదే ఆఖరు. వెనక్కి తిరగడం లేదా దిగడం. ఆ అంకె మీ ఆవిడకి కూడా చెప్పండి. ఆవిడ పని ప్రయాణికురాలిగా కూర్చోవడం కాదు, ఆ అంకె దాటినప్పుడు గట్టిగా చెప్పడం. నా కో-పైలట్లకి నేనిచ్చే మొదటి బ్రీఫింగ్ ఇదే.

మీకు అక్కడ ఉన్న స్వేచ్ఛ చూస్తే ముచ్చటేస్తుంది. ఇక్కడ ప్రతి ఫ్లైట్‌కీ ఫ్లైట్ ప్లాన్, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబర్, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్ తీసుకుని గానీ కదలం. అక్కడ ఎవరూ అడగరు కదా అని ఫ్లైట్ ప్లాన్ వేయడం మానొద్దు. వెతికేవాళ్ళకి ఎక్కడ వెతకాలో తెలియాలి.

శ్రీధర్_ఫ్రిస్కో:

సురేఖ గారూ, అనంత అన్నా, ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. బుధవారం దాకా సెలవు పెట్టేశాను. మా ఆవిడకి సురేఖ గారి మెసేజ్ చదివి వినిపించాను, అంకె తనే కాగితం మీద రాసుకుంది.

ఇంకో రెండు డౌట్లు. ఎక్కడైనా దిగొచ్చు అంటున్నారు, టెక్సాస్‌లో ఎవరి పొలంలోనో దిగితే గొడవ అవదా? అలాగే ఆటోపైలట్ లేకుండా రోజుకి ఐదారు గంటలు సైక్లిక్ పట్టుకోవడం ఎలా మేనేజ్ చేస్తారు? నాకు గంటన్నరకే చెయ్యి లాగేస్తుంది.

అనంత_టూసాన్:

సెలవు పెట్టారు, సగం పని అయిపోయింది.

పొలం గురించి. వాతావరణం బాగాలేకో, చిప్ లైట్ (ఆయిల్‌లో లోహపు ముక్కలున్నాయనే హెచ్చరిక) వెలిగో దిగితే అది మీ ప్రాణాల విషయం, ఎవరూ తప్పు పట్టరు. దిగగానే ఇంజన్ ఆపేసి, ఇల్లు కనబడితే నడిచి వెళ్ళి చెప్పండి. ఎవరూ లేకపోతే ఆ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి, క్షేమంగా ఉన్నాం, యాక్సిడెంట్ కాదు అని చెప్పండి. లేకపోతే హైవే మీద చూసినవాళ్ళు 911కి ఫోన్ చేస్తారు. వెస్ట్ టెక్సాస్ రాంచీల వాళ్ళు ముందు నీళ్ళు తాగుతారా అని అడుగుతారు, తర్వాతే ఎందుకు దిగారని. సరదాకి, ఫొటోలకి మాత్రం అనుమతి లేకుండా ఎవరి నేల మీదా దిగొద్దు, పశువులు ఉన్నచోట అసలు వద్దు. చిప్ లైట్ వెలిగి దిగితే మెకానిక్ చూసేదాకా మళ్ళీ లేపొద్దు, వెళ్ళగలమనిపించినా సరే.

చెయ్యి లాగడానికి కారణం బరువు కాదు, పట్టు. చాలామంది సైక్లిక్‌ని పిడికిలితో పట్టుకుంటారు. ముంజేతిని తొడ మీద ఆనించి, రెండు వేళ్ళూ బొటనవేలితో పట్టుకోండి. కలెక్టివ్‌కి (ఎడమ చేతి కంట్రోల్) ఫ్రిక్షన్ కొద్దిగా బిగిస్తే ఎడమ చెయ్యి ఫ్రీ అవుతుంది. అయినా కుడి చెయ్యి మాత్రం ఎప్పటికీ ఖాళీ కాదు, అందుకే గాల్లో చేయాల్సిన పనులన్నీ నేల మీదే చేసేసుకోవాలి. ప్రతి లెగ్‌కీ ఒక చిన్న కార్డు రాసి మోకాలి ప్యాడ్‌కి క్లిప్ చేయండి: ఫ్రీక్వెన్సీలు, రన్‌వే ఎత్తు, పంపు ఎటువైపు, ఈ లోపల దిగగల ఇంకో రెండు చోట్లు. ట్యాబ్లెట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆ గాజు బుడగలో ఎండ పడితే అది వేడెక్కి తనే ఆఫ్ అయిపోతుంది, అదీ మీకు అవసరమైనప్పుడు. దాన్ని నీడలో ఉంచే పని మీ ఆవిడకి ఇవ్వండి, ఫోన్‌లో కూడా అవే చార్టులు డౌన్‌లోడ్ చేసుకోండి.

నీళ్ళు తాగండి. బాత్‌రూమ్ సమస్య అని చాలామంది తాగడం మానేస్తారు. మూడో లెగ్‌కి తలనొప్పి, చిరాకు వస్తాయి, రేడియో కాల్ ఒకటి మిస్ అవుతుంది. రెండు గంటల లెగ్ పెట్టుకోమన్నది పెట్రోలు కోసం మాత్రమే కాదు. దిగిన ప్రతిచోటా అరగంట నడవండి, ఏదైనా తినండి.

లార్డ్స్‌బర్గ్ పడమట ఎండిపోయిన చెరువు పరుపు ఉంది, ప్లాయా అంటారు. గాలి లేస్తే అక్కడ దుమ్ముకి హైవేనే మూసేస్తారు. లార్డ్స్‌బర్గ్ గాలి 25 నాట్లు దాటుతుందని ఉంటే విల్‌కాక్స్‌లోనే ఆగి అడిగి తెలుసుకోండి. రాత్రికి శాంటా టెరెసాలో ఆగితే హ్యాంగర్ దొరుకుతుందేమో ముందే అడగండి, దొరక్కపోతే రోటర్ బ్లేడ్ తోకకి కట్టడం మర్చిపోవద్దు. టైమ్ ఉంటే ఆ ఎయిర్‌పోర్ట్‌లోనే వార్ ఈగల్స్ మ్యూజియం ఉంది, చూసి రండి.

ఓవర్‌హాల్ అయిన మెషీన్ కదా, ఫ్యాక్టరీ నుంచి సూటిగా పాస్‌లోకి వెళ్ళకుండా టోరెన్స్ దగ్గరే ఒక గంట ఎగిరి, దిగి, కవర్లు తెరిచి ఎక్కడైనా ఆయిల్ చెమ్మ ఉందా చూసుకోండి. ఆ ఏరియాకి లాస్ ఏంజెలిస్ హెలికాప్టర్ రూట్ చార్ట్ విడిగా దొరుకుతుంది, అది చేతిలో ఉంటే టవర్ చెప్పే ఫ్రీవే పేర్లు తికమక పెట్టవు. వీలైతే మొదటి రోజుకి ఆ ప్రాంతం తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌ని బ్లైత్ దాకా తీసుకెళ్ళండి. మీ ఆవిడ కారు అద్దెకి తీసుకుని బ్లైత్‌లో కలుసుకోవచ్చు, అదే కారులో ఆయన వెనక్కి వెళ్ళిపోతారు.

డేట్ ఖాయమయ్యాక, బయల్దేరే ముందు రోజు సాయంత్రం బానింగ్, లార్డ్స్‌బర్గ్, వాన్ హార్న్ ఫోర్‌కాస్ట్‌లు ఇక్కడే పోస్ట్ చేయండి. నేను చూసి చెప్తాను.